నిద్రలో వేలిముద్ర

పదకొండయింది, డాక్టరమ్మ పన్నెండింటికి వస్తుంది, అంటే ఇంకా గంట ఉంది, ఈ గంటలో అమ్మను అడగాలా వద్దా, అడిగితే ఏమని మొదలుపెట్టాలి, పక్కనే కూర్చుంది, భుజానికి భుజం తగులుతోంది, చేతిలో తస్బీ పూసల దండ తిరుగుతోంది, పెదాలు కదులుతున్నాయి, నా తల్లి, నన్ను కన్న తల్లి, నా ఎడమచేతి బొటనవేలిని పట్టుకుని సిరాలో అద్దిన తల్లి. ఇందాకే డబ్బా మూత తీసి ఇడ్లీ తినమంది. తిన్నాను. తినకపోతే ఏమైందని అడుగుతుంది, అడిగితే నా నోరు ఊరుకోదు. నా నోటి సంగతి నాకు తెలుసు, పెళ్ళిచూపులనాడు ఫజల్ వాళ్ళ మేనమామ, దూదేకులోళ్ళ పిల్లవు కదా, దిండుకు దూది ఎంత పడుతుందో చెప్పమంటే, తల ఎంత బరువుంటే అంత అన్నదాన్ని. ఆ నోటికి ఇడ్లీ ముక్క అడ్డం పెట్టుకుని కూర్చున్నాను. ఎదురుగా గాజు తలుపు, దాని అవతల పసిపిల్లల ఐసీయూ, అందులో కిటికీ వైపు నుంచి మూడో పెట్టెలో నా కూతురు. పుట్టి పదకొండు రోజులు. ఇంకా పేరు పెట్టలేదు.

పొద్దున ఎంత సంతోషపడ్డానో తలుచుకుంటే ఇప్పుడు నా మీద నాకే అసహ్యంగా ఉంది. సోని వచ్చి, పాపను ఇవాళ నీ ఛాతీ మీద పడుకోబెట్టుకోవచ్చక్కా, మేడమ్ ఒప్పుకుంది అని చెప్పింది. సోని ఇక్కడి నర్సు, పెనుబల్లి దగ్గర తండా పిల్ల, నన్ను మొదటిరోజు నుంచీ అక్కా అనే పిలుస్తుంది. వారం రోజులుగా గాజులోంచి చూడటమే, చేతులు కడిగి ఒక్క వేలు లోపలికి పోనివ్వడమే, ఇవాళ ఏకంగా ఛాతీ మీద అంటే బాగుపడిందనే కదా ఎవరైనా అనుకునేది. పైగా నిన్న సాయంత్రం గొంతులో గొట్టం తీసేసి ముక్కు దగ్గర చిన్నది పెట్టారు. ఫోన్‌లో ఫజల్, తీసేసిన్రంటే మంచిదే గదా అన్నాడు, మంచిదే గదా అని నేనూ అన్నాను, ఇద్దరం అదే మాట అన్నాం గానీ ఆయన తెలిసి అన్నాడు, నేను తెలియక అన్నాను. దానికో అనుమతి కాగితం ఉంటుందని సోని ఇస్తే నిలబడే షేక్ జహీరా అని తోకతో సహా సంతకం గీకి పడేశాను. సోని కాగితం వంక చూసింది, నా వంక చూసింది. "నీకు సంతకం వచ్చా అక్కా? మరి ఆ కాయితం మీద ఏలిముద్ర ఎందుకేసినవ్?" అంది. ఏ కాగితం అన్నాను. ఆ పిల్ల మొహం అప్పుడు చూడాలి. నోరు జారిన మొహం నేను గుర్తుపట్టలేనా, అంగన్‌వాడీలో ఎనిమిదేళ్ళుగా పిల్లల మొహాలే కదా చదువుతున్నాను. నా పేరు మీద ఉన్నది నేను చదవొద్దా అని అడిగాను. లోపలికి పోయి ఫైలు తెచ్చి, అందులో ఆ కాగితం తీసి చూపింది.

శిశువు మెదడులో తీవ్రంగా రక్తస్రావమైనట్లు, ఊపిరితిత్తులు ఎదగనట్లు మాకు అర్థమయ్యే భాషలో వివరించారు. శ్వాస గొట్టం తీసిన తరువాత మళ్ళీ శ్వాస ఆగినట్లయితే తిరిగి గొట్టం వేయవద్దని, గుండె నొక్కవద్దని మేము పూర్తి స్పృహతో కోరుతున్నాము. తండ్రి అన్నచోట ఫజల్ సంతకం. తల్లి అన్నచోట నీలం వేలిముద్ర, దాని పక్కన ఎవరో బ్రాకెట్లో నిశాని అని రాశారు. పాప పుట్టిన మూడోనాటి తేదీ. పూర్తి స్పృహతో అన్న మాట రెండుసార్లు చదివాను, పిల్లల నోట్‌బుక్‌లో తప్పు కింద గీత గీసినట్టు దాని కింద గోటితో గీశాను. తెల్లవారినప్పటి నుంచి పాపకు నాలుగుసార్లు ఊపిరి ఆగిందని, అరికాలు నిమిరితే మళ్ళీ తీసుకుందని, ఐదోసారో ఆరోసారో తీసుకోకపోవచ్చని సోని చెప్పింది. పన్నెండింటికి మేడమ్ వస్తుంది. నేను నోరు మూసుకుంటే నా తరఫున ఆ వేలిముద్ర మాట్లాడుతుంది. ఆ కాగితం వద్దని నేనంటే గొట్టం మళ్ళీ వేస్తారు. ఏదో ఒకటి చెప్పాలి. ఛాతీ మీద ఎందుకు పడుకోబెట్టుకోమన్నారో అప్పుడు అర్థమైంది.

ఆ మూడోరోజు నేనెక్కడున్నాను. మణుగూరులో మా సెంటర్లో పిల్లలకు గుడ్లు వలుస్తుండగా కళ్ళ ముందు మెరుపులు, తర్వాత ఆయమ్మ కేకలు, తర్వాత అంబులెన్సు కిటికీలో చెట్లు, చెట్లు, ఎంతకూ అయిపోని చెట్లు, భద్రాచలంలో ఎవరో బీపీ చూసి ఇక్కడ మా వల్ల కాదన్న మాట, మళ్ళీ చెట్లు. ఆరు నెలలు నిండి రెండు వారాలు. ఫిట్స్ వచ్చాయని, కోసి పాపను తీశారని, మళ్ళీ ఫిట్స్ రాకుండా నిద్రలో ఉంచారని తర్వాత విన్నాను. నాలుగోనాడు తెలివి వచ్చేసరికి బొటనవేలు నీలంగా ఉంది. ఇదేందమ్మా అంటే, ఆధార్ కోసం మిషన్ మీద పెట్టిచ్చుకున్నరు అంది అమ్మ. మిషన్‌కు సిరా ఉంటుందా. నెలనెలా ఎంతమంది తల్లుల చేత వేలు పెట్టించాను, నాకు తెలియదా, అయినా తల్లి చెప్పింది కదా అని నమ్మాను. పైగా కొబ్బరినూనెలో దూది ముంచి, నా చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, రెండు రోజులపాటు ఆ నీలం పోయేదాకా తుడిచింది. ఎంత ప్రేమ అనుకున్నాను. నాకు పెళ్ళయ్యాక అమ్మ ఒళ్ళో చెయ్యి పెట్టుకుని కూర్చోవడం అదే మొదటిసారి, కళ్ళు మూసుకుని హాయిగా తుడిపించుకున్నాను.

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, మా ఇంట్లోనూ ఆ సామెతే వాడతాం, దొంగతనానికి మతమేముంది. ఇప్పుడు ఒక్కొక్కటే తిరిగి వస్తోంది. ఏడోనాడు పేరు పెట్టాలి, తల వెంట్రుకలు తీయించాలి, అది మా ఆనవాయితీ, ఎప్పుడమ్మా అంటే బరువు పెరగనియ్యి బిడ్డా అంది. సరే ఉయ్యాల గుడ్డ అయినా కొనుక్కురమ్మంటే ఫజల్, తొందరేముంది అన్నాడు, పరుపుల షాపున్న మనిషి, ఊరందరి పిల్లలకూ బొంతలు కుట్టి ఇచ్చే మనిషి. డాక్టర్ హేమలత మేడమ్ ఐదోనాడు నా భుజం తట్టి, మీరు చాలా ధైర్యవంతులమ్మా అంది, కోత కోసినా లేచి నడుస్తున్నందుకేమో అనుకుని పళ్ళు ఇకిలించాను. ఆ నవ్వు చూసి ఆవిడేమనుకుందో, బిడ్డను వదులుకోవడానికి ఒప్పుకున్న తల్లి ఎంత నిబ్బరంగా ఉందో అనుకుని ఉంటుంది. వరండాలో మిగతా తల్లులు పెట్టెలో పాప ఎట్లుందని ఒకరినొకరు అడిగేవారు గానీ నన్ను అడిగేవారు కాదు, కొత్తదాన్నని మొహమాటం అనుకున్నాను. అందరికీ తెలుసు. చెప్పులు విప్పించే ఆయమ్మకు కూడా తెలుసు. గుడ్డికన్ను మూసినా ఒకటే తెరిచినా ఒకటే అన్నట్టు, నేను నిద్రలో ఉన్నా లేచి తిరుగుతున్నా వీళ్ళకు ఒకటే అయింది. నాకు కోపంగా ఉంది, చాలా కోపంగా ఉంది, ఈ బెంచీని ఎత్తి ఆ గాజుకేసి కొట్టాలని ఉంది, కానీ అవతల పెట్టెల్లో తొమ్మిదిమంది పిల్లలు నిద్రపోతున్నారు.

ఏడువందల ఎనభై గ్రాములు. ఎనిమిదేళ్ళుగా పిల్లల్ని తూస్తున్నాను, కాటాలో వేస్తే ముల్లు ఎక్కడ ఆగుతుందో చూడకుండా చెప్పగలను, ఇంత తక్కువ నేనెప్పుడూ రాయలేదు. దుమ్ముగూడెంలో నాన్న బతికున్నప్పుడు వాకిట్లో దూది ఏకేవాడు, రెహమాన్ చేతి దిండు పదేళ్ళయినా గడ్డకట్టదని పేరు, ముప్పావు కిలో దూది చంటిపిల్లల దిండుకు సరిగ్గా సరిపోతుందని చెప్పేవాడు, నా బిడ్డ మొత్తం కలిపి అంతే. అబద్ధాలు చెప్పేవాళ్ళ మీద ఇంత ఎగురుతున్నాను గానీ ద్వాలికి నేనేం చెప్పాను. నాలుగేళ్ళ కిందట తండా నుంచి కొడుకును చంకనేసుకుని వచ్చేది ద్వాలి. బరువు చార్టులో ఆకుపచ్చ ఉంటే బాగున్నట్టు, పసుపుంటే జాగ్రత్త, ఎరుపుంటే దవాఖానాకు పోవాలి. వాడు ఎరుపులో ఉన్నాడు. పసుపే ద్వాలీ, భయం లేదు అని చెప్పాను, ఎరుపంటే హడలిపోయి సెంటర్‌కు రావడమే మానేస్తుందని, రోజూ రప్పించుకుని నేనే గుడ్డు, పాలు పెట్టి పైకి తేవచ్చని. వాడు బతికాడు, బడికి పోతున్నాడు, అందుకే ఆ అబద్ధం నాకిన్నాళ్ళూ గుర్తు రాలేదు. బతక్కపోయి ఉంటే ద్వాలి ఇలాగే ఏదో బెంచీ మీద కూర్చుని నన్ను తిట్టుకునేది. అయినా అదీ ఇదీ ఒకటేనా, కాదు, నేను ద్వాలి వేలు పట్టుకోలేదు. అట్లా అని నన్ను నేను సముదాయించుకుంటున్నానేమో కూడా తెలియదు. గోడ గడియారంలో పెద్ద ముల్లు మూడు దగ్గరికి వచ్చింది.

ఆతియా. అమ్మ పేరు. నేను ఇంటర్ చదివేటప్పుడు పలక కొని ఆమె పేరు ఆమెకు నేర్పుదామని కూర్చోబెట్టాను. మూడు అక్షరాలే. ఆ వచ్చింది, తి గుడి దగ్గర విరిగింది, యా దాకా రానేలేదు. ఏలుండంగ కలమెందుకు బిడ్డా అని నవ్వి పలక మీద బియ్యం పోసి రాళ్ళు ఏరుకుంది. ఆమెకు వేలంటే అంతే, రేషన్‌కు వేలు, పింఛనుకు వేలు, ఎవరు ఎక్కడ చూపిస్తే అక్కడ పెట్టడమే, పెట్టాక ఏం జరుగుతుందో పెట్టించినవాళ్ళు చూసుకుంటారు. అది ఆమె వేలు, పెట్టుకోనీ. నా వేలెందుకు. ఇంతసేపు ఇడ్లీ అడ్డం పెట్టుకున్న నోరు అప్పుడు తెరుచుకుంది.

"అమ్మా, మూడోనాడు నా ఏలు ఎవరు పట్టుకున్నరు?"

తస్బీ ఆగింది. ఆమె నా వైపు తిరగలేదు, గాజు తలుపు వైపే చూస్తూ, "నేనే" అంది. ఇంకో అబద్ధం చెబుతుందని, దాన్ని పట్టుకుని గొంతు పెంచవచ్చని చూస్తున్నాను, ఆ అవకాశం కూడా ఇవ్వలేదు. తర్వాత మెల్లగా చెప్పుకొచ్చింది. చిన్నప్పుడు దుమ్ముగూడెంలో ఒక పెద్దాయన ఆడవాళ్ళను పరదా అవతల కూర్చోబెట్టి చెప్పేవాడట, మనం చేసేదంతా రాసే దేవదూతలు నిద్రపోయే మనిషి దగ్గర మాత్రం కలం పైకెత్తి ఆగుతారని, ఆ మనిషి లేచేదాకా ఏదీ రాయరని. ఫజల్ సంతకం చేసి వచ్చి, జహీరా లేచినాక అడుగుదామా అన్నాడట. అమ్మే వద్దందట, లేచి చేస్తే బిడ్డను పొమ్మన్న మాట నా లెక్కలోకి ఎక్కుతుందని, నిద్రలో అయితే ఎక్కదని. అందుకని జల్దీగా, మందు దిగకముందే, తనే పోయి సిరా డబ్బా అడిగి తెచ్చిందట. "నువ్వు పండుకున్నవు బిడ్డా. నీ మీద ఏం రాయరు. పట్టుకున్నది నేను, రాస్తే నా మీద రాస్తరు" అంది. అంటూ తన చెయ్యి చూసుకుంది, అక్కడేదో రాసి ఉన్నట్టు. నాకు నవ్వు వచ్చింది, ఏడుపూ వచ్చింది, ఏదీ బయటికి రానివ్వలేదు. బిడ్డ ప్రాణం విషయంలో తల్లిని తప్పించడమే తల్లికి చేసే మేలు అనుకుంది ఈమె. దేవుడి ముందు నన్ను కాపాడటానికి నా కడుపున పుట్టినదాని దగ్గర నన్ను లేనిదాన్ని చేసింది. ఆమె ప్రేమను కాదనలేను, ఆమె చేసినదాన్ని క్షమించలేను, రెండూ నిజమే, రెండూ ఒకే బెంచీ మీద నాతో కూర్చున్నాయి.

లేచి మెట్ల దగ్గరికి పోయి ఫజల్‌కు ఫోన్ చేశాను. షాపులో ఉన్నాడు, మిషన్ చప్పుడు వినిపిస్తోంది. కాగితం చూశానని చెప్పాను. మిషన్ ఆగింది. అమ్మ చెప్పిన కలం సంగతి తనకు తెలియదట, తెలిసినా నమ్మనన్నాడు. మరెందుకు ఒప్పుకున్నావన్నాను. "నువ్వు లేస్తే వద్దంటవని భయమైంది, జహీరా" అన్నాడు. అంతే, సూది గుచ్చినట్టు అక్కడ దిగింది. అమ్మ నన్ను పాపం నుంచి దాచింది, ఈయన నన్ను నా మాట నుంచి దాచాడు. నేను వద్దంటానని తెలుసు, వద్దనే హక్కు ఉందనీ తెలుసు, అందుకే నిద్రలో పని కానిచ్చాడు. ఆయన భయమేంటో నాకు తెలియకపోలేదు. ఆయన చెల్లెలు ఫరహా పుట్టినప్పుడు ఏడవలేదట, ఇరవై ఆరేళ్ళుగా షాపు వెనక గదిలో మంచం మీదే ఉంది, ఎత్తి స్నానం చేయించేది, తినిపించేది మా అత్త, అత్త తర్వాత ఇప్పుడు నేను. ఇంకో ఫరహా అవుతుందని ఆయన అనలేదు, కానీ ఆ మాటే ఫోన్‌లో ఊపిరి తీసుకుంటోంది. నా గాజుల చప్పుడు వింటే ఫరహా నవ్వుతుంది. నోరంతా తెరిచి నవ్వుతుంది. ఆ నవ్వు ఆయన ఎన్నడూ చూడలేదా, చూసీ దాన్ని లెక్కలో వేసుకోలేదా. బయలుదేరి వస్తున్నానన్నాడు. మణుగూరు నుంచి ఇక్కడికి రావడానికి మూడు గంటలు పడుతుంది. ఫోన్ పెట్టేశాను.

వద్దనాలి. గొట్టం వేయమనాలి. వాళ్ళిద్దరి మొహాన కొట్టినట్టు వేయమనాలి, అప్పుడు తెలుస్తుంది జహీరాకు నోరుందని. ఫరహాలా ఉంటే ఉండనీ, నేను ఎత్తుతాను, నాకు చేతులు లేవా, ఒకరికి పెట్టే చేతులతో ఇద్దరికి పెడతాను. ఇట్లా అనుకుంటూ వరండా ఆ కొస నుంచి ఈ కొసకు నాలుగుసార్లు తిరిగాను. కోత మంట పుడుతోంది. ఐదోసారి గాజు దగ్గర ఆగి చూశాను. సోని వంగి పాప అరికాలు నిమురుతోంది. అరచెయ్యంత ఛాతీ కదలలేదు, సోని వేలు నిమురుతూనే ఉంది, కదలలేదు, కదిలింది. ఇది నా కోపానికి సంబంధించిన విషయం కాదని అప్పుడు అనిపించింది. వాళ్ళ మీద కోపంతో గొట్టం వేయిస్తే అది వాళ్ళకు తగలదు, దాని గొంతులోకే దిగుతుంది.

హేమలత మేడమ్ పన్నెండుకు ఐదు నిమిషాల ముందే వచ్చింది. సోని ముందే చెప్పినట్టుంది, నన్ను తన గదిలోకి పిలిచి తలుపేసింది. మీరు మగతలో ఉన్నారని, చదువు రాదని, చెబితే తట్టుకోలేరని మీవాళ్ళు చెప్పారమ్మా, అయినా నేను వచ్చి మిమ్మల్ని అడిగి ఉండాల్సింది, తప్పు నాదే అంది. తప్పు ఒప్పుకున్నది ఈ మొత్తంలో ఈవిడ ఒక్కతే, అందుకు ఈవిడను ఏమీ అనలేకపోయాను. ఆ కాగితం ఇప్పుడు చెల్లదు, మీరేం చెబితే అది అంది. నేను అడగాల్సినవన్నీ అడిగాను. మెదడు ఫోటో చూపించమన్నాను, చూపించింది, నల్లగా ఉండాల్సినచోట తెల్లగా ఉంది, రెండువైపులా. మా ఇంట్లో ఫరహా అని ఉంది, అట్లా ఉంటుందా అని అడిగాను. ఆవిడ ఫోటోను బల్ల మీద బోర్లా పెట్టింది.

"అంతదాకా కూడా రాదమ్మా. గొట్టం వేస్తే ఇంకో నాలుగైదు రోజులు ఉంటుంది. అవి కూడా సూదుల మధ్యే. ఆ ఊపిరితిత్తులు ఇక పెరగవు. వేస్తే బతుకుతుందని నేను మీతో అబద్ధం చెప్పలేను."

పదకొండు రోజుల్లో నాతో ఎవరైనా చెప్పిన మొదటి నిజం అది. అది విని నేను చచ్చిపోలేదు, తట్టుకోలేదంటారే, తట్టుకున్నాను, కుర్చీ అంచు పట్టుకుని తట్టుకున్నాను. తట్టుకోగలనని నా తల్లికీ మొగుడికీ తెలియలేదు, ఈ పరాయి మనిషికి తెలిసింది. వేయొద్దు మేడమ్ అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. దాన్ని ఒంటరిగా పోనివ్వొద్దు, నా మీదే ఉంచండి, ఎంతసేపైతే అంతసేపు అన్నాను. ఫైలు అడిగి తీసుకుని, ఆ నీలం మచ్చను అడ్డంగా కొట్టేసి, కింద షేక్ జహీరా, తల్లి అని రాశాను, తేదీ వేశాను, పన్నెండూ ఇరవై అని టైము కూడా వేశాను. అక్షరాలు గుండ్రంగా వచ్చాయి. అంత చక్కగా వచ్చినందుకు నా మీద నాకు కోపం వచ్చింది.

బయట సోని నా కోసం గౌను పట్టుకుని నిలబడి ఉంది. లోపలికి ఇద్దరిని రానిస్తారక్కా, అమ్మమ్మను కూడా పిలవమంటావా అంది. అమ్మ అప్పటికే లేచి నిలబడింది, చెప్పులు విడిచి పక్కన పెట్టుకుంది, పైట తల మీదికి లాక్కుంది. పిలిస్తే వచ్చేస్తుంది, వచ్చి నా పక్కన నిలబడితే నేను ఆమె మీద పడి ఏడుస్తాను, ఏడిస్తే క్షమించినట్టే అవుతుంది. నేనొక్కదాన్నే అన్నాను సోనితో. అమ్మ విన్నది. అయినా రెండడుగులు ముందుకు వేసింది.

"డాక్టరమ్మతోని ఏమన్నవు బిడ్డా?"

"నువ్వన్నదే అన్న. మెలకువతోని అన్న."

ఆమె మొహం అప్పుడు వాడిపోయింది. నా లెక్కలోకి ఎక్కకుండా ఎనిమిది రోజులు తను మోసినది నేను నోటితో చెప్పి తీసేసుకున్నానని ఆమెకు అర్థమైంది. నా వైపు చెయ్యి చాచింది. నేను అందుకోలేదు. సోని తలుపు తెరిచి పట్టుకుంది, చేతులు మోచేతుల దాకా కడుక్కుని లోపలికి వెళ్ళాను.